“రాత్రంతా ఏసీ” అన్న ఒక్క లైను: ఆటోనగర్ కారవాన్ షెడ్డులో ఒక ఫిర్యాదుల కేసు

విజయవాడ ఆటోనగర్‌లో కారవాన్లు, అంటే లోపలే వండుకుని పడుకునేలా ఉండే మోటార్‌హోమ్ బండ్లు, కట్టే ఒక కంపెనీ కేసు ఇది. పేరు రాయను, వాళ్ళకి మాటిచ్చాను. పైగా పేరు తెలిసినా మీకు ఒరిగేదేం లేదు, ఇదే కథ ఇంకో నాలుగు షెడ్లలో కొద్ది తేడాతో నడుస్తూనే ఉంది. నా పని సర్వీసు, వారంటీ వ్యవహారాలు చక్కబెట్టడం, ఎక్కువగా బస్సు బాడీలు కట్టేవాళ్ళకీ ట్రక్కు డీలర్లకీ చేస్తుంటాను. మోటార్‌హోమ్‌లు నాకు కొత్తే గానీ రేకు, చెక్క, వైరు, సీలెంట్ కొత్తవి కాదు కదా.

చివరిదాకా ఓపిక లేనివాళ్ళ కోసం సంగతి ముందే చెప్పేస్తాను. కొన్నవాళ్ళు అందరూ చూసేలా తిట్టడం మొదలుపెట్టేసరికి కంపెనీ దాన్ని పరువు సమస్యగా తీసుకుంది. నేను వెళ్ళి చూస్తే అక్కడున్నవి రిపేర్లు, వాటికి తోడు పరీక్ష చేయకుండా ఇచ్చిన ఒక హామీ. తాము కట్టిన బండ్లలో ఏది ఎక్కడ చెడుతోందో కంపెనీ దగ్గర ఒక్క కాగితమ్మీద కూడా లేదు, ఆ లెక్క మొత్తం తిడుతున్నవాళ్ళ దగ్గర ఉంది. ఆ తిట్లని జాబ్ కార్డులుగా, అంటే ఏ బండికి ఏ రిపేరో రాసే కాగితాలుగా, రాసుకుని, పని మొదలుపెట్టి, ఆ తర్వాత నోరు విప్పాం. మొత్తం కేసు అదే.

అసలు షెడ్డు సంగతి

ఓనరుగారు పాతకాలం మనిషి. తండ్రి హయాంలో లారీ బాడీలు, ఈయన హయాంలో బస్సులు, తర్వాత సినిమావాళ్ళకీ ఎన్నికల ప్రచారానికీ కారవాన్లు. కరోనా తర్వాత ఫ్యామిలీలు అడగడం మొదలుపెట్టారు. ఛాసిస్, అంటే ఇంజనూ చక్రాలతో వచ్చే చట్రం, పెద్ద కంపెనీది, లోపల మంచాలు, వంటగది, బాత్రూము, నీళ్ళ ట్యాంకులు, బ్యాటరీలు, ఏసీ అన్నీ షెడ్డులో పెట్టేవే. బండి మొత్తం కలిపి నలభై లక్షల పైచిలుకు పడుతుంది.

“ఇన్నేళ్ళుగా లారీలకి బాడీలు కడుతున్నాం తమ్ముడూ, ఒక్క లారీవాడన్నా వీడియో పెట్టాడా?” అని నన్ను మొదటిరోజే అడిగారాయన. మంచి ప్రశ్నే. లారీ ఓనరు పెట్టడు, ఎందుకంటే అతనిది గొల్లపూడో గన్నవరమో, డాలా బోల్టు ఊడితే నేరుగా షెడ్డుకొచ్చి నాలుగు మాటలని, టీ తాగేలోపు వెల్డింగ్ చేయించుకుని పోతాడు. గొడవా రిపేరూ ఒకేచోట, ఒకే గంటలో అయిపోతాయి. కారవాన్ కొన్నాయన నెల్లూరులో ఉంటాడు, బెంగళూరులో ఉంటాడు. బండి చెడేది అరకు దారిలో, అర్ధరాత్రి, లోపల పిల్లలూ పెద్దవాళ్ళూ ఉండగా. ఫోన్ చేస్తే ఎత్తేవాడుండడు. ఇక అతను ఎక్కడ అరవాలి?

ఫోన్ ఎత్తాల్సింది ఓనరుగారి మేనల్లుడు. కుర్రాడు మంచివాడే. కానీ అమ్మకాలూ అతనే, డెలివరీలూ అతనే, ఫొటోలూ అతనే, ఫిర్యాదులూ అతనే. సాయంత్రానికి ఫోన్ చూస్తే మిస్డ్ కాల్స్‌లో కొత్తగా కొనేవాళ్ళూ ఉంటారు, కొని ఏడుస్తున్నవాళ్ళూ ఉంటారు. ఎవరికి ముందు చేస్తాడో మీరే ఊహించుకోండి.

మంట ఎక్కడ అంటుకుంది

గుంటూరు డాక్టరుగారు ఒకాయన. మే నెలలో తల్లినీ పిల్లల్నీ తీసుకుని శ్రీశైలం వెళ్ళారు. రాత్రి బండిలోనే పడుకున్నారు, ఒంటిగంట దాటాక ఏసీ ఆగిపోయింది, ఇన్వర్టర్ ఎర్రలైటు వేసుకుని కూర్చుంది. పెద్దావిడకి ఊపిరాడక కిందకి దించి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తెల్లారాక ఆయన తీసిన వీడియోలో ఒక్క కేక లేదు, బూతు లేదు. ఒక చేతిలో కంపెనీ బ్రోచర్ పట్టుకుని “బయట కరెంటు అవసరం లేకుండా రాత్రంతా ఏసీ” అన్న లైను మీద వేలు పెట్టి చదివారు, తర్వాత లోపలి థర్మామీటర్ చూపించారు, అంతే. నిజానికి అందుకే అంత తిరిగింది ఆ వీడియో. అరిచేవాళ్ళని జనం రెండు నిమిషాలు చూసి వదిలేస్తారు.

దాని వెనకాలే మిగతావాళ్ళు బయటికొచ్చారు. రాజమండ్రి ఆయనకి మంచం పైనున్న అరలో నీళ్ళు. నెల్లూరు ఆయనకీ నీళ్ళే, దాంతోపాటు ఘాట్‌లో బండి ముందుభాగం తేలికై స్టీరింగ్ పట్టు దొరకడంలేదన్న భయం. బెంగళూరు దంపతులకి చెక్పోస్టు దగ్గర ఆర్సీ గొడవ. కొందరికి తలుపు గడియలాంటి చిన్నవే, కానీ నెలల తరబడి అడిగినా చేయనివి.

కంపెనీ చేసినవి వరసగా మూడు. మొదట, అందరికీ ఒకటే జవాబు: “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు సార్, మా టీమ్ మిమ్మల్ని త్వరలో సంప్రదిస్తుంది.” టీమ్ అంటే మేనల్లుడే, అతను సంప్రదించలేదు. అదే వాక్యం పేరు కూడా మార్చకుండా పదిమందికి కనబడేసరికి, అప్పటిదాకా ఊరుకున్నవాళ్ళకి కూడా కాలింది. తర్వాత పూలదండ వేసిన కొత్త బండ్ల ముందు నవ్వుతున్న కుటుంబాల ఫొటోలు రోజూ పెట్టడం మొదలుపెట్టారు. అందులో ఒక ఫొటోలో ఉన్నాయనే కిందకొచ్చి “నా బండి కూడా కారుతోంది, ఫొటో తీసేయండి” అన్నాడు. మూడోది లాయరు నోటీసు. పరువునష్టం అని డ్రాఫ్ట్ తయారైపోయింది, సంతకం ఒక్కటే తరువాయి, అప్పుడు నన్ను పిలిచారు.

నోటీసు ఎందుకు ఆపించాను

నేను లాయర్ని కాదు, వాళ్ళ లాయరుగారితో కూర్చునే మాట్లాడాను. ఆయన కూడా లోపల్లోపల ఇదే అనుకుంటున్నాడు గానీ ఓనరుగారి కోపం ముందు చెప్పలేకపోయాడు. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద వస్తుంది, అందులో మొట్టమొదటి మినహాయింపే ప్రజలకి మేలుచేసే నిజం. డాక్టరుగారు చేసింది మన బ్రోచర్ చదవడం, మన బండి చూపించడం. ఇందులో ఏది అబద్ధమని కోర్టుకెళతాం?

అసలు భయపడాల్సింది అటువైపు నుంచి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఒక వస్తువు ఇలా పనిచేస్తుందని సరైన పరీక్ష చేయకుండా జనానికి హామీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష చేశాకే చెప్పాం అంటే, అది నిరూపించుకోవాల్సిన భారం కంపెనీదే. సేల్ అగ్రిమెంట్‌లో “తగాదాలు విజయవాడ కోర్టుల పరిధిలోనే” అని రాసుకుని ధైర్యంగా ఉన్నారు గదా, 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారుడు తానుండే చోటో పనిచేసే చోటో ఉన్న వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. యాభై లక్షల లోపు చెల్లించిన వస్తువైతే జిల్లా కమిషనే చాలు. దాఖలు ఆన్‌లైన్లో చేసుకోవచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఎలాగో వాళ్ళే చెబుతారు. అంటే నెల్లూరు ఆయన నెల్లూరులో, రాజమండ్రి ఆయన అక్కడ వేస్తే, ఈ షెడ్డు మనుషులు బండ్లు కట్టడం మానేసి వాయిదాలకి తిరగాలి. ఈ మాట మాత్రం ఓనరుగారికి సూటిగా తగిలింది. నోటీసు డ్రాయర్లోకి పోయింది.

లెక్క లేని షెడ్డు

“ఇప్పటిదాకా కట్టిన బండ్ల లిస్టు, ఏ బండికి ఏ రిపేరు చేశారో జాబ్ కార్డులు ఇవ్వండి” అన్నాను. లిస్టు వచ్చింది. జాబ్ కార్డులు రాలేదు. సూపర్‌వైజర్ అవన్నీ సింగ్‌నగర్‌లో తన ఇంట్లో పెట్టుకున్నాడట, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు ఇంటితోపాటు అవీ పోయాయి. అతని బాధ అతనిది, మంచం మీద మంచం వేసుకుని పిల్లల్ని కాపాడుకున్నవాడిని కాగితాలేవయ్యా అని ఏం అడుగుతాం. కానీ వరద తర్వాతైనా కొత్త కార్డులు మొదలుపెట్టలేదు. అది వరద తప్పు కాదు.

అందుకే బయటున్న తిట్లనే కూర్చుని ఎక్కించాం. మేనల్లుణ్ణి పక్కన పెట్టుకుని ప్రతి వీడియో, ప్రతి రాతా చదివి, ఎవరు అన్నారన్నది కాకుండా ఏ ఛాసిస్ నంబరు, ఏ నెలలో డెలివరీ, నీళ్ళు ఎక్కడ, ఏ వానకి, బండి ఆగి ఉందా నడుస్తోందా అని గడులు గీసి రాశాం. కోపంతో రాసినవాళ్ళే ఎక్కువ వివరంగా రాస్తారు, ఇది నేను ప్రతిచోటా చూశాను. రాజమండ్రి ఆయన ఏ మూల నుంచి ఎన్ని చుక్కలో కూడా రాశాడు. తెలియని వివరాల కోసం ఫోన్ చేశాం, చేసింది మేనల్లుడు కాదు, వైరింగ్ ఎలక్ట్రీషియనూ వడ్రంగి మేస్త్రీ. “నీళ్ళు కిటికీ అంచు నుంచి కారుతున్నాయా సార్, ప్లైవుడ్ కీలు దగ్గరా?” అని పనిచేసేవాడు అడిగితే అవతలి మనిషి గొంతే మారిపోతుంది. అయిదు నిమిషాలు తిట్టి, ఆరో నిమిషంలో ఫొటోలు పంపుతాడు.

ఆ పట్టిక పూర్తయ్యేసరికి గందరగోళంలో ఒక వరస కనిపించింది. నీళ్ళు కారుతున్న బండ్లన్నీ సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకున్నవి. ప్యానెల్ లేని బండి ఒక్కటి కూడా కారలేదు. అప్పటిదాకా షెడ్డులో అందరూ కిటికీల్ని అనుమానించి, వచ్చిన ప్రతి బండికీ కిటికీ చుట్టూ సిలికాన్ పూసి పంపించేస్తున్నారు, వాళ్ళు మళ్ళీ వానకి తడిసి మళ్ళీ ఫోన్ చేస్తున్నారు.

నీళ్ళు ఎక్కడ నుంచి

రాజమండ్రి బండిని కంపెనీ ఖర్చుతోనే తెప్పించాం. మేస్త్రీ అర లోపలంతా ఊడదీసి, పైకప్పు లోపలివైపు బద్దీల వెంట సుద్దపొడి గీతలు గీశాడు. నీళ్ళ గొట్టం మొదట చక్రాల దగ్గర పట్టి, అక్కడ పావుగంట, తర్వాత కిటికీ కిందంచు, తర్వాత పైఅంచు, ఇలా కింద నుంచి పైకి మాత్రమే పోవాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిచోట్లా పారి ఏదీ తేలదు. కిటికీ దాటేదాకా సుద్ద చెక్కుచెదరలేదు. పైకప్పు మీద ప్యానెల్ బ్రాకెట్ దగ్గర పోసిన కాసేపటికి, బ్రాకెట్‌కి ఎక్కడో నాలుగడుగుల వెనక, మంచం మీది అర మూలలో సుద్దగీత తడిసి నల్లబడింది. నీళ్ళు స్క్రూ రంధ్రంలోంచి దిగి, వైర్లు పోయే పైపు పట్టుకుని నడిచి, పైపు వంగిన చోట బయటపడుతున్నాయి.

బ్రాకెట్ ఊడదీస్తే చుట్టూ ఉన్న మామూలు సిలికాన్ గోరుతో లాగితే తోలులా లేచొచ్చింది. కప్పు ఎఫ్‌ఆర్‌పీ, అంటే ఫైబర్, బ్రాకెట్ అల్యూమినియం, మన ఎండకి రెండూ ఒకేలా సాగవు. పైన గాలికి ప్యానెల్ ఊగుతూ ఉంటుంది, ఆ సిలికాన్ ఎన్నాళ్ళు పట్టుకుంటుంది? పైగా అర పైకప్పుకి వాడింది మామూలు ప్లైవుడ్. నీళ్ళు తగిలే చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై వేస్తారని మేస్త్రీకి తెలుసు. “కొటేషన్‌లో రేటు తగ్గించారండీ, నేనేం చేయను” అన్నాడు, ఓనరుగారి ముందే అన్నాడు. ఓనరుగారు ఏం మాట్లాడలేదు.

కొత్త పద్ధతి ఏమిటంటే స్క్రూలు వీలైనంత తీసేసి బ్రాకెట్‌ని పాలీయురేథేన్ సీలెంట్‌తో అతికించడం, తప్పనిసరి రంధ్రానికి కింద బ్యూటైల్ టేపు, తడిసిన ప్లై మొత్తం మార్చడం. పైన పూత పూసి కింద తడి చెక్క అలాగే వదిలేస్తే వాసన పోదు.

ఏసీ లెక్క

ఇక అసలు గొడవకి వద్దాం. “రాత్రంతా ఏసీ” ఎక్కడ నుంచి వచ్చిందని అడిగితే ఎలక్ట్రీషియన్ నిజాయితీగా చెప్పాడు. మొదటి బండి డిసెంబరులో రెడీ అయింది, ఒక రాత్రి షెడ్డులోపలే, ఇద్దరు కుర్రాళ్ళు ఏసీ వేసుకుని పడుకుంటే తెల్లారేదాకా నడిచింది. పొద్దున్నే మేనల్లుడు బ్రోచర్‌లోకి ఎక్కించేశాడు.

లెక్క కాగితం మీద చూడండి. 12.8 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఒక్కోటి 2.56 యూనిట్లు, రెండు కలిపి 5.12. పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్ తన వాటా తినేస్తుంది, చేతికొచ్చేది నాలుగు యూనిట్ల చుట్టుపక్కల. డిసెంబరు రాత్రి టన్ను ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక మూడు, నాలుగు వందల వాట్లకి దిగిపోతుంది, కాబట్టి పది గంటలు వస్తుంది. మే నెలలో పగలంతా ఎండలో నిలబడ్డ బండిలో గోడలు, పరుపులు, చెక్క అన్నీ వేడే, రాత్రి పదింటికి కూడా బయట గాలి వేడే. కంప్రెసర్‌కి ఊపిరి తీసుకునే వ్యవధే ఉండదు, వెయ్యి నుంచి పన్నెండొందల వాట్లు లాగుతూనే ఉంటుంది. మూడున్నర గంటలు వస్తే గొప్ప. డాక్టరుగారు పదిన్నరకి పడుకున్నారు, ఒంటిగంట దాటాక ఆగింది. ఇంకేం కావాలి?

మళ్ళీ ఛార్జి కావడం ఇంకో కథ. పైన నాలుగొందల వాట్ల ప్యానెళ్ళు మంచి ఎండలో రోజుకి రెండు యూనిట్లలోపే ఇస్తాయి. బండి నడుస్తుంటే ఆల్టర్నేటర్ నుంచి డీసీ ఛార్జర్ 30 ఆంపియర్లు పంపిస్తే సుమారు 400 వాట్లు, గంటకి 0.4 యూనిట్, అంటే గుంటూరు నుంచి శ్రీశైలం వెళ్ళినా ఖాళీ బ్యాటరీ నిండదు. పైగా ఇన్వర్టర్‌ని సోఫా కింద గాలాడని పెట్టెలో బిగించారు, దాని సొంత వేడికి అదే ట్రిప్ అవుతోంది. జాలీ కోసి చిన్న ఫ్యాన్ పెడితే ఆ ట్రిప్పులు ఆగాయి. బ్యాటరీ లెక్క మాత్రం ఏ జాలీతోనూ మారదు.

స్టీరింగ్ భయం సంగతి త్వరగా చెప్పేస్తాను. నెల్లూరు బండిని కాటా వేయించాం, ముందు ఇరుసు విడిగా, వెనక ఇరుసు విడిగా. నీళ్ళ ట్యాంకులు రెండూ వెనక చక్రాలకి అవతల ఉన్నాయి, నిండితే మనుషులెక్కకముందే బరువు వెనక్కి గుంజుతోంది. ఒక ట్యాంకు ముందుకి జరిపి కాజ టోల్‌ప్లాజా దాకా వెళ్ళొచ్చాం, ఆయనే నడిపి బాగుందన్నాడు. ఘాట్ ఎక్కేముందు వెనక ట్యాంకు సగమే నింపాలని స్టిక్కర్ కూడా అతికించాం.

“అది మాది కాదండీ”

మోటార్‌హోమ్‌లో ఉన్న పెద్ద చిక్కు ఇది. ఇంజను, బ్రేకులు ఛాసిస్ కంపెనీ వారంటీ, ఏసీ ఏసీవాళ్ళ వారంటీ, బ్యాటరీ బ్యాటరీవాళ్ళది, బాడీ మాత్రం షెడ్డుది. కొన్నాయన మాత్రం డబ్బు ఒక్కచోటే కట్టాడు. బ్యాటరీ ఆగితే షెడ్డువాళ్ళు బ్యాటరీ కంపెనీ నంబరు ఇస్తున్నారు, వాళ్ళేమో వైరింగ్ తప్పంటున్నారు. ఇది మన ఊరి జబ్బు కాదు. అమెరికాలో కాలిఫోర్నియా వారంటీ చట్టంలో చెడ్డ కొత్త బండిని కంపెనీ వెనక్కి తీసుకోవాలంటూ మోటారు వాహనాలకి ప్రత్యేకంగా ఇచ్చిన రక్షణ మోటార్‌హోమ్ ఛాసిస్‌కీ నడిచే భాగానికీ వర్తిస్తుంది, మనుషులుండే భాగానికి వర్తించదు. ఆస్ట్రేలియాలో వినియోగదారుల కమిషన్ తన 2022 నివేదిక కోసం కారవాన్లు కొన్న 2,200 మందికి పైగా అభిప్రాయాలు తీసుకుంటే 80 శాతం మంది ఏదో ఒక లోపం ఎదురైందని చెప్పారు. ఇది చూపించాక ఓనరుగారు కాస్త తేలికపడి “అయితే అందరికీ ఉన్నదే కదా” అన్నారు. ఉన్నదే, కానీ నలభై లక్షలు పెట్టినవాడికి ఆ మాట చెప్పకూడదు బాబాయిగారూ అన్నాను.

నిర్ణయం ఇలా తీసుకున్నాం: కొన్నాయనకి ఒక్కటే ఫోన్ నంబరు, ఏది చెడినా షెడ్డుదే బాధ్యత, ఏసీవాళ్ళతోనూ బ్యాటరీవాళ్ళతోనూ కొట్లాట షెడ్డు వెనకగదిలో. ఓనరుగారు అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టుబట్టింది ఇక్కడే. డబ్బు లెక్కే కారణం, అర్థం చేసుకోగలను.

జవాబు

అప్పుడు రాశాం జవాబు. నేను రాసిన మొదటి డ్రాఫ్ట్‌ని ఓనరుగారే కొట్టేసి “మనం మాట్లాడేలా రాయి” అన్నారు. చివరికి ఆయన సంతకంతో వెళ్ళింది దాదాపు ఇది:

“సోలార్ ప్యానెల్ ఉన్న మా బండ్లలో కప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కారణం ప్యానెల్ బ్రాకెట్ దగ్గర మేం వాడిన సీలెంట్. కిటికీలు కావు, మీరు బండిని సరిగా వాడకపోవడం కాదు. ప్యానెల్ ఉన్న ప్రతి బండికీ, ఇంకా కారకపోయినా, మా ఖర్చుతో మారుస్తాం. తడిసిన చెక్క మారుస్తాం. విజయవాడ రాలేనివాళ్ళ దగ్గరికి మా మేస్త్రీ వస్తారు. ‘రాత్రంతా ఏసీ’ అని రాశాం, అది వేసవిలో నిజం కాదు. ఫుల్ ఛార్జి మీద మే నెలలో సుమారు మూడు గంటలు, చలికాలంలో ఎక్కువ. ఆ లైను చూసి కొన్నవాళ్ళకి రెండు దారులు ఇస్తున్నాం: మేం కొన్న ధరకే, బిగింపు ఖర్చు లేకుండా ఇంకో రెండు బ్యాటరీలు, లేదా బయట కరెంటు పెట్టుకునే ప్లగ్గూ కేబులూ ఉచితంగా, దాంతోపాటు కొంత డబ్బు వాపసు. కింద ఉన్న నంబరు ఎలక్ట్రీషియన్‌ది, రాత్రి కూడా ఎత్తుతాడు.”

ఇందులో “అసౌకర్యానికి చింతిస్తున్నాం” లేదు, గమనించే ఉంటారు. క్షమాపణ వద్దని కాదు, ఓనరుగారు డాక్టరుగారింటికి గుంటూరు వెళ్ళి, పెద్దావిడ ముందు చెప్పొచ్చారు. అది వాళ్ళిద్దరి మధ్య ఉండాల్సిన సంగతి, దాన్ని ఫొటో తీయొద్దని మేనల్లుడికి ముందే చెప్పాను.

జవాబు పెట్టడానికి ముందే రాజమండ్రి, నెల్లూరు బండ్ల పని పూర్తిచేశాం. దీనివల్ల ఆలస్యమైంది, ఆ మధ్యలో తిట్లు ఇంకా పెరిగాయి, ఓనరుగారికి నిద్రలేదు, నాకు రోజూ టెన్షనే. అయినా చేసిన పని చూపించకుండా చేస్తామని చెబితే పాత “టీమ్ సంప్రదిస్తుంది” పక్కన ఇంకో వాక్యం చేరేది, అంతే.

తర్వాత ఒక ఆదివారం రాగలిగినవాళ్ళని షెడ్డుకే పిలిచాం. హోటల్లో పెడదాం, బెంజిసర్కిల్ దగ్గర హాలు ఉంది అన్నాడు మేనల్లుడు. వద్దన్నాను. బండ్లు కప్పు ఊడదీసి ఉన్నచోటే కుర్చీలు వేశాం. సుద్దపొడి పరీక్ష అందరి ముందూ మళ్ళీ చేశాం. ఒకాయన గొట్టం తానే తీసుకుని తన బండి మీద పోసుకున్నాడు. అక్కడ కూడా గొడవ జరిగింది, బ్యాటరీలకి డబ్బెందుకు కట్టాలని ఒకాయన గట్టిగానే నిలదీశాడు. ఆయన అడిగిన దాంట్లో న్యాయముంది. అక్కడికక్కడే ఓనరుగారు మొదటి బ్యాచ్ వాళ్ళకి ఒక బ్యాటరీ ఉచితం అన్నారు, నేను కాదనే లోపే.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉన్నాను. రిపేరు అయ్యాక సంతకం పెట్టించుకునే కాగితంలో “ఇకపై వీడియోలు తీసేస్తాను, కంపెనీ గురించి మాట్లాడను” అన్న లైను చేర్చారు. తీయించేశాను. ఆ కాగితం ఎవరో ఒకరు ఫొటో తీసి పెడతారు, అప్పుడు చేసిన రిపేర్లన్నీ నోరు మూయించడానికి ఇచ్చిన లంచంలా కనబడతాయి. డాక్టరుగారి వీడియో ఇప్పటికీ ఉంది. ఆయనే కింద నాలుగు లైన్లు చేర్చారు, ఏం బాగుచేశారో, ఏం చేయలేదో. చేయనిది కూడా రాశారు, అది న్యాయమే.

తేలినవి, తేలనివి

బెంగళూరువాళ్ళ ఆర్సీ గొడవ రిపేరుతో పోయేది కాదు. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. కారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఆమోదం తీసుకున్న మోడల్ అయితే ఇబ్బంది లేదు. ఈ కంపెనీ మొదట్లో కట్టిన కొన్ని బండ్లు ప్యాసింజర్ వ్యానుగా రిజిస్టరై, తర్వాత లోపల మంచాలు పడ్డవి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే చెప్పడానికి ఏమీ ఉండదు. వాటికి కంపెనీ ఖర్చుతో కాగితాలు సరిచేయించే పని నడుస్తోంది, కొన్ని అయ్యాయి, బెంగళూరుది ఇంకా కాలేదు. ఆ దంపతులు కోపంగానే ఉన్నారు, ఉండాలి కూడా.

బ్రోచర్‌లో ఇప్పుడు ఏసీ దగ్గర రెండు అంకెలున్నాయి, మే నెలకొకటి, డిసెంబరుకొకటి, ఎండలో నిలబెట్టిన బండిలో నలుగురు పడుకుంటే వచ్చినవి. అమ్మకాలు పడిపోతాయని మేనల్లుడు భయపడ్డాడు. అడిగేవాళ్ళు కొంత తగ్గారు, నిజమే. డెలివరీ తర్వాత ఫోన్లు ఇంకా ఎక్కువ తగ్గాయని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు, అతనికి రాత్రిళ్ళు నిద్ర దొరుకుతోంది కాబట్టి అతని లెక్కే నమ్ముతాను.

బ్యాటరీలూ వద్దు, ప్లగ్గూ వద్దు, బండి తీసుకుని డబ్బు ఇచ్చేయమన్నాయన ఒకాయన ఉన్నాడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి, కొంత తగ్గించి, రెండు విడతల్లో ఇచ్చేశారు. ఆ బండిని లోపాలన్నీ కాగితం మీద రాసిచ్చి హైదరాబాద్‌లో షూటింగులకి కారవాన్లు అద్దెకిచ్చే ఆయనకి అమ్మారు. అక్కడ పక్కనే జనరేటర్ వ్యాన్ ఉంటుంది, కేబుల్ తగిలిస్తే ఆ ఏసీ రాత్రంతా నడుస్తుంది.